పిల్లల లెక్కలకు పాచికల సెట్: ఏది రోజూ చేతికొస్తుంది, ఏది పెట్టెలోనే ఉండిపోతుంది

పిల్లల చేత కూడికలు, ఎక్కాలు సాధన చేయించడానికి అమ్మే పాచికల సెట్లు చాలా రకాలున్నాయి. చుక్కలవి, అంకెలవి, పది ముఖాలవి, ఇరవై ముఖాలవి, కూడిక తీసివేత గుర్తులు ముద్రించినవి, ఏమీ రాయని ఖాళీవి, మెత్తటి ఫోమ్‌వి. పెట్టె మీద ముక్కల సంఖ్య పెద్దగా వేసి అమ్ముతారు, చాలామంది దాన్ని చూసే కొంటారు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఈ పాచికలు వేస్తే పిల్లలకు ఏ లెక్కలు పడతాయి, ఎంత తరచుగా పడతాయి?

అందరికీ తెలిసిన ఆరు ముఖాల పాచికతోనే మొదలుపెడదాం. రెండు కలిపి వేస్తే 36 రకాలుగా పడొచ్చు. అందులో మొత్తం 10 దాటేవి మూడంటే మూడే: 5+6, 6+5, 6+6. 7 మాత్రం ఆరు రకాలుగా వస్తుంది. కూడికలు నేర్చుకునే పిల్లలు నిజంగా తడబడేది 8+5, 9+7 లాంటి, పది దాటే చోట. మామూలు పాచికలతో ఎంతసేపు ఆడినా వాళ్లు అక్కడికి చేరడం అరుదు, తెలిసిన చిన్న కూడికల్నే మళ్లీ మళ్లీ చేస్తుంటారు. గుణకారానికి వస్తే లోటు ఇంకా పెద్దది. రెండు పాచికల లబ్ధాలు మొత్తం 18 రకాలే. 7తోనో 8తోనో 9తోనో గుణించే లెక్క ఒక్కటీ ఉండదు. పిల్లలు ఎక్కువగా మరిచిపోయే 7×8 ఆ పాచికల మీద ఎప్పటికీ పడదు.

ఇప్పుడు రెండు ఖాళీ పాచికలు తీసుకుని ఒక్కోదాని మీద 4, 5, 6, 7, 8, 9 రాయండి. 36 రకాల్లో 30 పది దాటిపోతాయి. ఆట అదే, నియమాలు అవే, కష్టమైన కూడిక పడే అవకాశం మాత్రం పది రెట్లు పెరిగింది. అందుకే ఏ సెట్‌లోనైనా ముందు వెతకాల్సింది ఖాళీ పాచికల కోసం. నాలుగుంటే సరిపోతుంది. అవి లేని సెట్ ఎంత అందంగా ఉన్నా సగం సెట్టే.

ఖాళీ పాచిక కొనేటప్పుడు దేనితో చేశారో చూడండి. నున్నటి ప్లాస్టిక్‌ది అయితే పర్మనెంట్ మార్కర్‌తో రాసి, సిరా ఆరేదాకా ముట్టుకోకుండా ఉంచి, తర్వాత వాడొచ్చు. అంకెలు మార్చాలనుకుంటే దూదికి కొంచెం స్పిరిట్ అద్ది తుడిస్తే పోతాయి. చెక్క పాచిక మీద మార్కర్ సిరా లోపలికి ఇంకిపోతుంది, తుడిస్తే పోదు. దాని మీద పెన్సిల్‌తోనే రాయాలి. కొన్ని సెట్లలో అంకెల స్టిక్కర్లు ఇస్తారు. స్టిక్కర్ ముఖమంత వెడల్పుగా ఉంటే నాలుగు రోజుల్లో మూలలు లేచిపోతాయి. చుట్టూ కొంచెం అంచు వదిలి కత్తిరించి అంటిస్తే నిలుస్తుంది. 6 కిందా 9 కిందా గీత పెట్టడం మరవద్దు. ఆ గీత లేకపోతే ప్రతి ఆటలోనూ తగువే.

చుక్కల పాచికను చిన్నపిల్లలదని తీసిపారేయకూడదు. చుక్కల్ని ఒక్కొక్కటే వేలుపెట్టి లెక్కపెట్టకుండా చూడగానే 'ఐదు' అనగలగడం కూడికకు పునాది. పాచిక మీద చుక్కల అమరిక ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ చూపు త్వరగా కుదురుతుంది. చిక్కు రెండో మెట్టులో వస్తుంది. 5, 3 పడ్డాయనుకోండి. చాలామంది పిల్లలు ఐదుని చూసి గుర్తుపట్టగలిగినా, కలపమనగానే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి ఎనిమిది చుక్కలూ లెక్కపెడతారు. 'ఐదు దగ్గర మొదలుపెట్టు' అని ఎన్నిసార్లు చెప్పినా చుక్కలు కళ్లముందే ఉంటే వేలు వాటి మీదికే పోతుంది. మందలించనక్కర్లేదు, ఒక పాచిక మార్చండి చాలు. ఒకటి అంకెలది, ఒకటి చుక్కలది ఇవ్వండి. అంకె పాచిక మీద 5 అని రాసి ఉంటుంది, లెక్కపెట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. కాబట్టి ఐదు అనుకుని, చుక్కల మీదుగా 'ఆరు, ఏడు, ఎనిమిది' అని పోవాల్సిందే. అది అలవాటయ్యాక రెండూ అంకెలవే ఇవ్వండి. చుక్కలవి రెండు, అంకెలవి రెండు ఉన్న సెట్ ఈ మూడు మెట్లకీ సరిపోతుంది. చుక్కలు మాత్రమే ఉన్న సెట్ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

సరిగ్గా చేసిన చుక్కల పాచికలో ఎదురెదురు ముఖాల మొత్తం 7 ఉంటుంది. కొన్ని నాసిరకం వాటిలో ఉండదు, తీసుకోగానే తిప్పి చూసుకోండి. ఇది ఉంటే మంచి తీసివేత ఆట ఒకటి ఊరికే దొరుకుతుంది. మూడు పాచికల్ని ఒకదానిమీద ఒకటి నిలబెట్టండి. పైన కనిపించే అంకె ఒక్కటే చెప్పి, కింద దాగిన ఐదు ముఖాల మొత్తం ఎంతని అడగండి. మూడు పాచికల పైముఖాలూ అడుగు ముఖాలూ అన్నీ కలిపితే 21. పైన 4 ఉంటే దాగినవి 17. పిల్లలు మొదట ఊహిస్తారు, తర్వాత పాచికలు తీసి కలిపి చూసుకుంటారు, కొన్నిసార్లు చేశాక 21 సంగతి వాళ్లే పట్టేస్తారు. బల్లకు ఆనుకున్న ముఖం కూడా లెక్కలోకి వస్తుందని ముందే చెప్పాలి. సాధారణంగా జవాబు తప్పేది అక్కడే.

ఇక పది ముఖాల పాచిక. లెక్కల సాధనకు ఖాళీ పాచిక తర్వాత ఇదే గొప్పది. 0 నుంచి 9 వరకు అంకెలన్నీ ఉంటాయి కాబట్టి స్థాన విలువ నేర్పడానికి దీన్ని మించింది లేదు. కొన్ని ఆటల్లో దీని మీది 0ను పదిగా చదువుతారు. లెక్కల సాధనలో అలా చేయవద్దు, సున్నాను సున్నాగానే ఉంచండి. దీనికి జతగా 00, 10, 20 అంటూ 90 దాకా ఉండే పదుల పాచిక కూడా వస్తుంది. 70, 4 పడితే కొందరు పిల్లలు 704 అని రాస్తారు. డెబ్బై, నాలుగు అని విన్నది విన్నట్టే రాస్తే వచ్చే తప్పు అది. డెబ్బైలోని సున్నా మీద నాలుగు కూర్చుంటుందని చూపించడానికి ఈ రెండు పాచికలూ పక్కపక్కన పెడితే చాలు, వేరే బొమ్మ గీయనక్కర్లేదు.

స్థాన విలువ ఆట ఇలా ఆడతారు. ప్రతి ఒక్కరూ కాగితం మీద మూడు గళ్లు గీసుకోవాలి: వందలు, పదులు, ఒకట్లు. పది ముఖాల పాచిక వేసి, పడిన అంకెను ఏదో ఒక గడిలో వెంటనే రాసేయాలి, తర్వాత మార్చకూడదు. మూడుసార్లు వేశాక పెద్ద సంఖ్య ఎవరిదైతే వాళ్లు గెలుస్తారు. రెండు రోజుల్లోనే పిల్లలు 9ని వందల్లో, 0ని ఒకట్లలో పెట్టడం కనిపెట్టేస్తారు, అప్పటికి ఆట చప్పబడుతుంది. అప్పుడు గురి మార్చండి: 500కి ఎవరు దగ్గరగా వస్తే వాళ్లది గెలుపు. 487, 521లలో ఏది దగ్గరో తేల్చడానికి ఇద్దరూ తీసివేత చేయాల్సిందే. వందల గడిలో సున్నా రాయొచ్చా లేదా అన్నది ఆట మొదలుకాకముందే తేల్చుకోవాలి.

ఈ పాచిక విషయంలో చాలా సెట్లు చేసే తప్పు ఒకటుంది. ఒక్కో ఆకారానికి ఒక్కటే ఇస్తాయి. కథల ఆటల కోసం చేసే ఏడు ముక్కల సెట్‌లో 4, 6, 8, 10, 12, 20 ముఖాలవి ఒక్కోటి, పదుల పాచిక ఒకటి ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ లెక్కల సాధనకు జతలు కావాలి. ఎరుపుది పదులు, నీలంది ఒకట్లు అని చెప్పాలంటే రెండు రంగుల్లో ఒకే రకం పాచికలు ఉండాలి. పది ముఖాలవి రెండు లేకుండా ఆ ఏడు ముక్కలు కొని ప్రయోజనం లేదు.

ఆ ఏడింటిలో మిగిలిన వాటి సంగతి త్వరగా చెప్పేయొచ్చు. నాలుగు ముఖాల పాచికకు పైముఖం ఉండదు, మొన పైకి లేచి నిలబడుతుంది. అంకెను కొన్నిటిలో మొన దగ్గర, కొన్నిటిలో అడుగు అంచు దగ్గర చదవాలి. పిల్లలకు అది లెక్క కంటే పెద్ద చిక్కు. ఇరవై ముఖాలది బంతిలా దొర్లుతూ పోతుంది, ఆగాక కూడా ఏ ముఖం సరిగ్గా పైన ఉందో తేలదు. ఎనిమిది ముఖాలది పనికిరాదనలేం, అవసరమూ లేదు. పన్నెండు ముఖాలవి మాత్రం ఎక్కాలు 12 దాకా నేర్చుకునేవాళ్లకు రెండుంటే బాగుంటుంది.

గుర్తుల పాచిక, అంటే +, −, ×, ÷ ముద్రించింది, చాలా సెట్లలో ఆకర్షణ కోసం పెడతారు. ఇది నిరాశపరిచే వస్తువు. ముందు అంకెలు, తర్వాత గుర్తు వేస్తే 3 ÷ 5 పడుతుంది, 2 − 6 పడుతుంది. రుణ సంఖ్యలూ భిన్నాలూ రాని పిల్లలు అక్కడ ఆగిపోతారు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించాలని నియమం పెట్టినా, రెండు మామూలు పాచికల్లో 36కి 14 సార్లు శేషం మిగులుతుంది. భాగహారానికి శేషం రాసే పద్ధతి వచ్చాకే దీన్ని బయటికి తీయాలి. అంతవరకు + − రెండే ఉండేలా ఖాళీ పాచిక మీద మూడేసి ముఖాలకు రాసుకోవడం మేలు.

ఎక్కాలకు ఏ పాచిక అన్నదానికి సమాధానం లెక్కలోనే ఉంది. పది ముఖాలవి రెండు వేస్తే 100 రకాల్లో 19కి జవాబు సున్నా. 6 నుంచి 9 మధ్య అంకెలే రెండు వైపులా పడేవి 16. అంటే సున్నా ఎక్కం ఎక్కువ, కష్టమైన ఎక్కాలు తక్కువ. 4 నుంచి 9 రాసిన ఖాళీ పాచికల జతలో అలాంటివి 36కి 16. ఇంకా గట్టిగా కావాలంటే 6, 7, 8, 9 రాసి మిగిలిన రెండు ముఖాలకు 7, 8 మళ్లీ రాయండి. అప్పుడు వేసిన ప్రతిసారీ కష్టమైన ఎక్కమే. ఇంత గట్టిది మొదటి రోజే ఇస్తే మాత్రం పిల్లలు పాచిక చూడగానే మొహం తిప్పుకుంటారు. ఒక పాచిక మామూలుది, ఒకటి 6 నుంచి 9ది ఇచ్చి మొదలుపెట్టడం మంచిది.

గుణకారానికి గళ్ల కాగితం ఆట ఒక్కటి నేర్పితే చాలు. 20 గళ్ల పొడవు, 20 గళ్ల వెడల్పు ఉన్న చతురస్రం గీయండి. ఇద్దరికీ రెండు రంగుల పెన్సిళ్లు. మామూలు పాచికలు రెండు వేసి, 4, 6 పడితే 4 గళ్లు 6 గళ్ల దీర్ఘచతురస్రం గీసి లోపల 24 అని రాయాలి. గీయడానికి చోటు లేనివాళ్ల వంతు పోతుంది, ఇద్దరికీ వరుసగా చోటు దొరక్కపోతే ఆట అయిపోయినట్టు. చివర్లో ఎవరి గళ్లు ఎక్కువో కలపాలి. ఇందులో ఉన్న మేలు, 4×6 అంటే నాలుగు వరుసల్లో ఆరేసి గళ్లని కళ్లకు కనిపించడం. జవాబు రానివాళ్లు గళ్లు లెక్కపెట్టుకోవచ్చు, పక్కవాళ్లు తప్పు రాస్తే గళ్లే పట్టిస్తాయి. ఆట కుదరకపోవడానికి సాధారణ కారణం చతురస్రం చిన్నదిగా గీయడం. 10×10 గీస్తే లబ్ధం సగటున 12 దాకా ఉంటుంది కాబట్టి ఆరేడు వేటులకే చోటు అయిపోతుంది, లెక్కలు చేసిందేమీ ఉండదు.

కూడికల్లో ఆలోచన కూడా కావాలంటే నూరు ఆట ఆడించండి. ఒకే మామూలు పాచిక ఏడుసార్లు వేయాలి. పడిన ప్రతి అంకెనూ ఒకట్లుగానో పదులుగానో వెంటనే నిర్ణయించి కలుపుతూ పోవాలి. ఏడూ అయ్యాక 100 దాటకుండా దగ్గరగా ఉన్నవాళ్లు గెలుస్తారు. ఉదాహరణకు 4, 6, 2, 5, 1, 3, 6 పడ్డాయి. ఒకరు 4ను 40 చేశారు, 6ను ఆరుగానే ఉంచారు: 46. తర్వాత 20: 66. ఐదు: 71. ఒకటిని 10 చేశారు: 81. మూడు, ఆరు కలిపి 90 దగ్గర ఆగారు. ఇక్కడితో కాగితం పక్కన పెట్టేయవద్దు. ఇవే అంకెలతో 90 కంటే మెరుగ్గా వచ్చేదా అని అడగండి. 60, 20 తీసుకుని మిగిలినవి ఒకట్లుగా ఉంచితే 80+19, అంటే 99. 50, 30 తీసుకున్నా 99. ఒక అంకెను ఒకట్ల నుంచి పదులకు మారిస్తే మొత్తం ఆ అంకెకు తొమ్మిది రెట్లు పెరుగుతుందని ఈ వెతుకులాటలోనే పెద్ద పిల్లలు కనిపెడతారు. ఆటలో చేసే ఏడు కూడికల కంటే తర్వాత జరిగే ఈ వెతుకులాటలోనే ఎక్కువ లెక్క ఉంది.

పెట్టె మూసే ఆట చెక్క పలకలతో విడిగా కూడా అమ్ముతారు. 1 నుంచి 9 దాకా పలకలు నిలబెట్టి ఉంటాయి, రెండు పాచికలు వేసి పడిన మొత్తానికి సరిపడా పలకలు పడగొట్టాలి. 9 పడితే 9నే పడగొట్టొచ్చు, లేదా 8+1, 7+2, 6+3, 5+4, 6+2+1, 5+3+1, 4+3+2. ఎనిమిది దారులు. పిల్లలు ఎప్పుడూ ఒక్క పలకనే పడగొడుతుంటే కూడిక జరగదు కాబట్టి, పడగొట్టేముందు ఇంకో దారి చెప్పాలని నియమం పెట్టండి. 7, 8, 9 పడిపోయాక ఒక పాచికతో ఆడొచ్చు. ఇక కుదరనప్పుడు నిలిచి ఉన్న పలకల మొత్తమే వాళ్ల లెక్క, అది తక్కువ ఉంటే గెలుపు. చెక్క పెట్టె అందంగా, మన్నికగా ఉంటుంది, కానీ తొమ్మిది కాగితం ముక్కలతోనూ ఆట ఇంతే బాగా సాగుతుంది. చెక్కది కొంటే పలకల కీలు బిగుతుగా ఉందో లేదో చూడండి. వదులైతే పాచిక తగిలినా పడిపోతాయి.

ఒకటి పడితే అన్నీ పోయే ఆటకు ఒకే పాచిక చాలు. ఎన్నిసార్లైనా వేసి కలుపుకుంటూ పోవచ్చు, ఆపితే ఆ మొత్తం ఖాతాలో పడుతుంది, ఆపేలోపు 1 పడితే ఆ వంతులో కూడబెట్టింది అంతా పోతుంది. గురి 100, చిన్నపిల్లలకైతే 50. వంతు మొత్తాన్నీ పాత ఖాతానూ ఒకే చోట రాస్తే గందరగోళం అవుతుంది. కాగితాన్ని నిలువునా రెండు వరుసలు చేయండి, ఎడమ వైపు వంతు, కుడి వైపు ఖాతా. ఎక్కడ ఆపాలి అన్నది పెద్ద పిల్లలకు మంచి ప్రశ్న. ఆరింటిలో ఐదు ముఖాలు సగటున 4 ఇస్తాయి, అంటే 5×4, 20. మిగిలిన ఒక్క ముఖం ఉన్నదంతా పోగొడుతుంది. చేతిలో 20 ఉన్నప్పుడు లాభనష్టాలు సమానం. అందుకే 20 దగ్గర ఆగడం మంచి పద్ధతి.

తయారీ గురించి నాలుగు మాటలు. చుక్కలు, అంకెలు చెక్కి రంగు నింపినవి తీసుకోండి. పైన ముద్రించినవి చేతి చెమటకు అరిగిపోతాయి. పాలరాయి చారలు, మెరుపులు ఉన్న పాచికల మీద అంకె కనపడదు, తెలుపు మీద నలుపో, ముదురు రంగు మీద తెలుపో ఉండాలి. పారదర్శక పాచికలో ఇంకో చిన్న పాచిక ఉండే రకం చూడగానే పిల్లలు ఎగబడతారు, కానీ బయటి చుక్కలు లోపలి చుక్కలకు అడ్డొస్తాయి. ఫోమ్ పాచికలు తరగతి గదిలో చప్పుడు లేకుండా ఉంటాయి, నిజమే. దొర్లకుండా వేసిన చోటే ఆగిపోతాయి కాబట్టి కావాల్సిన ముఖం పైకి పెట్టి వదలడం పిల్లలు వెంటనే నేర్చేస్తారు. మామూలు పాచికను బట్ట పరిచిన లోతు తక్కువ మూతలో వేస్తే చప్పుడూ తగ్గుతుంది, మంచం కిందికి దొర్లడమూ ఉండదు. మూత బయట పడ్డా, వాలి నిలబడ్డా మళ్లీ వేయాలి. ఒక కొలత మాత్రం గుర్తుంచుకోండి: మామూలు పాచిక 16 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల గొంతులో అడ్డుపడే వస్తువుల్ని పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. పాచిక అందులో సులభంగా పట్టేస్తుంది. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఆట అవ్వగానే లెక్కపెట్టి డబ్బాలో వేయాలి.

ఆట చెడిపోయేది ఎక్కువగా పాచికల వల్ల కాదు, వేగం వల్ల. ఇద్దరూ ఒకే వేటును లెక్కపెట్టి ముందు చెప్పినవాళ్లకు మార్కు అంటే, వేగంగా చెప్పేవాళ్లే ఆడతారు, రెండోవాళ్లు చూస్తూ కూర్చుంటారు. ఎవరి వేటును వాళ్లే లెక్కచేయాలి, రెండోవాళ్లు సరిచూడాలి. తప్పు పడితే సరిచూసినవాళ్లకు ఒక మార్కు. అప్పుడు ఇద్దరూ ప్రతి లెక్కా చేస్తారు. పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. ఇంకోటి, పాచికలు తెలిసినదాన్ని గట్టిపరుస్తాయి, తెలియనిదాన్ని నేర్పవు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అర్థంకాని పిల్లలకు పది ముఖాల పాచికలు ఇచ్చి 200 నుంచి రెండంకెల సంఖ్యలు తీసేయమంటే తప్పునే పదేపదే సాధన చేస్తారు. ముందు పుల్లలు కట్టలు కట్టి చూపించాలి, పాచిక ఆ తర్వాత.

అన్నీ కలిపి చూస్తే కొనాల్సింది చిన్న గుప్పెడే: చుక్కలవి రెండు, అంకెలవి రెండు, రెండు రంగుల్లో పది ముఖాలవి రెండు, పదులది ఒకటి, ఖాళీ ప్లాస్టిక్‌వి నాలుగు. విడివిడిగా దొరికితే అలాగే కొనండి, పెద్ద పెట్టె అక్కర్లేదు. ఖాళీవాటి మీద రాసింది ఎప్పుడు తుడవాలో పిల్లల జవాబులే చెబుతాయి. 7×8, 6×9 వేలు మడవకుండా, ఆలోచనకు ఆగకుండా వస్తున్నాయంటే ఆ ముఖాల పని అయిపోయింది. స్పిరిట్‌తో తుడిచి ఒక పాచిక మీద 11, 12, 15 రెండేసి ముఖాలకు రాయండి, రెండోదాని మీద 4 నుంచి 9 అలాగే ఉంచండి.